పది అధ్యాయాలు, తొమ్మిది వయసులు: ‘డేట్రిప్పర్’లో చావు చేసే పని

మొదటి అధ్యాయం చివర కథానాయకుడు చనిపోతాడు. వయసు 32. తండ్రికి జరిగే సన్మానసభకు వెళ్లాల్సినవాడు ఒక బార్‌లో కాసేపు ఆగుతాడు. అక్కడ దోపిడీకి వచ్చినవాడు అతన్ని కాల్చేస్తాడు. రెండో అధ్యాయం తెరిస్తే మళ్లీ అతనే, ఈసారి 21 ఏళ్ల కుర్రాడు. ఫ్లాష్‌బ్యాక్ కాబోలు అనుకుని చదువుకుంటూ పోతాం. ఆ అధ్యాయం చివర సముద్రం పాలవుతాడు. మరి 21కే పోయినవాడు 32 ఏళ్లకు బార్‌లోకి ఎలా వచ్చాడు? ‘డేట్రిప్పర్’ చదివేవాళ్లు పేజీలు వెనక్కి తిప్పేది సరిగ్గా ఇక్కడే. మూడో అధ్యాయంలో 28 ఏళ్ల వయసులో ఇంకోసారి పోయేసరికి కొందరు విసిగి పుస్తకం మూసేస్తారు. అక్కడ ఆగిపోతే నష్టం వాళ్లదే. ఇందులో విప్పాల్సిన పొడుపుకథ ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక్క నియమం, అది పట్టుబడితే మిగతాదంతా తేట నీళ్లలా కనిపిస్తుంది.

ముందు పుస్తకం గురించి నాలుగు మాటలు. బ్రెజిల్‌లోని సావో పాలోలో 1976లో పుట్టిన కవల సోదరులు ఫాబియో మూన్, గాబ్రియెల్ బా కలిసి చేసిన గ్రాఫిక్ నవల ఇది. రంగులు డేవ్ స్టూవర్ట్‌వి. డీసీ కామిక్స్ వారి వర్టిగో విభాగం దీన్ని 2009 డిసెంబరు నుంచి 2010 దాకా పది సంచికలుగా విడుదల చేసి, 2011లో ఒకే సంపుటిగా తెచ్చింది. ఆ ఏడాదే పరిమిత సంచికల విభాగంలో, కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. కథానాయకుడి పేరు బ్రాస్ డి ఒలివా డొమింగోస్. తండ్రి బెనెడిటో పేరుమోసిన రచయిత. కొడుక్కీ రచయిత కావాలనే ఉంటుంది గానీ, చేసే ఉద్యోగం దినపత్రికలో మరణవార్తలు రాయడం. జీవితం గురించి రాయాలని కూర్చున్నవాడికి రోజూ చావు గురించే రాసే పని పడింది.

ఇక నియమం. ప్రతి అధ్యాయంలో చావు ఒక్కటే తర్వాతి అధ్యాయానికి రాదు. మిగతాదంతా వస్తుంది.

దీన్ని నిరూపించడానికి మూడో అధ్యాయం చాలు. 28 ఏళ్ల బ్రాస్‌కు ప్రేమ విఫలమై మనసు బాగోలేదు. బ్రెజిల్‌లో వీధి వీధికీ ఉండే బేకరీ లాంటి చోట ఒకమ్మాయిని చూస్తాడు. చూపులు కలుస్తాయి, ఆమె వెళ్లిపోతుంది. పోనిస్తే జన్మంతా గుర్తుండిపోతుందని తెలిసి ఆమె కోసం రోడ్డు మీదికి పరుగెత్తుతాడు, ట్రక్కు గుద్దేస్తుంది. అధ్యాయం అయిపోయింది. నాలుగో అధ్యాయంలో 41 ఏళ్ల బ్రాస్ భార్య నిండు గర్భిణి. ఆ భార్య ఆనా, బేకరీలో కనిపించిన ఆ అమ్మాయే. అంటే ఆ రోజు అతను పరుగెత్తాడు, ఆమెను అందుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. పరుగు నిజం, ట్రక్కు మాత్రం ఆ అధ్యాయంతోనే సరి.

అనుమానం ఉంటే ఒక పని చేయండి. ప్రతి అధ్యాయంలో చివరి రెండు మూడు పేజీలు పక్కన పెట్టి, మిగిలినవాటిని వయసు వరసలో పేర్చండి: 11, 21, 28, 32, 33, 38, 41, 47, 76. తాతగారింట్లో సెలవులు, స్నేహితుడితో ప్రయాణం, ప్రేమలు, ఉద్యోగం, నవల అచ్చు కావడం, తండ్రి పోవడం, కొడుకు పుట్టడం, ముసలితనం. ఎక్కడా అతుకు కనిపించని ఒకే మనిషి జీవితం తేలుతుంది. వయసు లేనిది తొమ్మిదో అధ్యాయం ఒక్కటే. దానికి అంకె బదులు ‘కల’ అని పేరు పెట్టారు.

నిజానికి ఈ పద్ధతి తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. చందమామలో బేతాళ కథలు చదువుతూ పెరిగినవాళ్లకు శవం మళ్లీ చెట్టెక్కడం బాగా అలవాటు. విక్రమార్కుడు మౌనం వీడగానే బేతాళుడు శవంతో సహా మాయమై చెట్టుకు వేలాడతాడు. రాజు మళ్లీ వెళ్లి భుజాన వేసుకుంటాడు. ఇదే శవం నిన్నటి శవమేనా, రాజు ఎన్ని రాత్రులు నడిచాడు అని ఎవరూ లెక్క కట్టలేదు. శవం, చెట్టు కథకు కట్టిన చట్రం మాత్రమేనని, అసలు సంగతి మధ్యలో అడిగిన ప్రశ్నలో ఉందని పిల్లలకు కూడా తెలుసు. ‘డేట్రిప్పర్’లో చావుదీ అదే స్థానం. ప్రతిసారీ కథ మొదటికొస్తుంది, ప్రతిసారీ ప్రశ్న మారుతుంది.

తెలుగు పాఠకులు సులభంగా పడే గొయ్యి ఇంకొకటి ఉంది, పునర్జన్మ. చనిపోయి మళ్లీ కనిపించాడంటే జన్మలు మారుతున్నాయని మన మనసు తనంతట తానే సర్దేసుకుంటుంది. ఆ చదువు ఇక్కడ పొసగదు. జన్మ మారితే ఒళ్లు, ఊరు, తల్లిదండ్రులు మారతారు, కర్మ మాత్రం వెంట వస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. ఒళ్లు అదే, తల్లి అదే, స్నేహితుడు జోర్జి అదే. వెనకటి ‘జన్మ’లో చేసినదానికి ఫలం అనుభవించడం ఎక్కడా లేదు. 21 ఏళ్లప్పుడు మునగడానికీ 33 ఏళ్లప్పుడు కారు ప్రమాదానికీ ఏ లంకె లేదు. సమాంతర ప్రపంచాల లెక్క వేసుకుని, అసలు చావు ఏదో తేల్చాలని చూసేవాళ్లు కూడా ఇలాగే దారి తప్పుతారు. తేల్చడానికి పుస్తకం ఒక్క ఆధారమూ ఇవ్వదు, ఇవ్వాలనీ అనుకోలేదు.

మరి ఆ చావులు ఎందుకు? దీనికి జవాబు బ్రాస్ ఉద్యోగంలోనే ఉంది.

అధ్యాయం చివర అతను పోయాక మరణవార్త తరహాలో కొన్ని వాక్యాలు వస్తాయి. జీవితమంతా ఇతరుల గురించి అతను ఏ గొంతుతో రాశాడో అదే గొంతుతో అతని గురించి రాసిన మాటలు. మన పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటన గుర్తు తెచ్చుకోండి: ఫోటో, దాని కింద జననం, మరణం, రెండు తేదీలు, మధ్యలో ఒక చిన్న గీత. మరణవార్త రాసేవాడి పని ఆ గీతను నాలుగు వాక్యాలుగా సాగదీయడం. ఆ నాలుగు వాక్యాల్లో ఏది పడుతుంది, ఏది పడదు అనేది మనిషి ఎలా బతికాడన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో, ఎప్పుడు పోయాడన్నదాని మీదా అంతే ఆధారపడుతుంది. 11 ఏళ్లకు పోతే అతను ఇంట్లో అందరికీ ‘చిన్న అద్భుతం’. అతను పుట్టిన రాత్రి కరెంటు పోయి, పుట్టగానే వచ్చిందని ఇంట్లో చెప్పుకునే కథ వల్ల పడిన ముద్దుపేరు అది. 21కి పోతే లోకం చూడాలని బయల్దేరిన కుర్రాడు. 32కి పోతే పెద్ద రచయిత కొడుకు, తాను రచయిత కాలేకపోయినవాడు. 41కి పోతే తండ్రి అయిన రోజే వెళ్లిపోయినవాడు. మనిషి ఒక్కడే, వాక్యం చివర చుక్క ఎక్కడ పెడితే అర్థం అక్కడ మారుతుంది.

ఈ పుస్తకం జీవితానికి అర్థం ఏమిటని నేరుగా అడగదు. చుక్కను ఎనిమిది వయసుల దగ్గర పెట్టి చూస్తుంది. ఎక్కడ పెట్టినా వాక్యం అసంపూర్ణంగా మిగల్లేదని చూపిస్తుంది. 11 ఏళ్ల జీవితం కూడా పూర్తి జీవితమే అని వాదనగా చెబితే ఎవరూ ఒప్పుకోరు. బొమ్మల్లో చూపిస్తే కాదనలేం.

ఆ ఐదో అధ్యాయం దగ్గర కొంచెం నిలబడాలి. పల్లెలో తాతయ్య, అమ్మమ్మ ఇల్లు, ఇంటినిండా పిల్లలు, కోళ్లు, చెట్లు, మొదటి ముద్దు. కథ పెద్దగా నడవదు. సెలవుల్లో పిల్లాడికి కాలం ఎలా సాగుతుందో అలాగే సాగుతుంది. చివర గాలిపటం, కరెంటు తీగలు. సంక్రాంతికి హైదరాబాద్ డాబాల మీద పతంగులు ఎగరేసినవాళ్లకు ఆ బొమ్మ చూడగానే గుండె ఝల్లుమంటుంది, ఏం జరగబోతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే దెబ్బంతా ఆ ప్రమాదంలోనే లేదు. దీనికి ముందున్న నాలుగో అధ్యాయంలో 41 ఏళ్ల బ్రాస్‌కు ఒకే రోజు తండ్రి పోయాడు, కొడుకు పుట్టాడు, ఆ రోజే అతని గుండె కూడా ఆగింది. కొడుకు లేని తండ్రి, తండ్రి లేని కొడుకు, ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పడ్డాయి. 41 తర్వాత 11 ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. వయసు వరసలో చదివితే ఇది పోతుంది.

అధ్యాయాల వరస చూడండి: 32, 21, 28, 41, 11, 33, 38, 47, కల, 76. మొదటి సగం చెల్లాచెదురు. రెండో సగం మెట్లెక్కినట్టు పైకే వెళ్తుంది, ఎక్కడా వెనక్కి రాదు. కాకతాళీయం అనుకోలేం. మొదటి సగం పాఠకుడికి నియమం నేర్పుతుంది, అందుకే వయసులు కలగాపులగం. ఐదో అధ్యాయానికల్లా చావు వస్తుందని మనకు ఖాయంగా తెలుసు, కాబట్టి దాని మీద ఉత్కంఠ ఉండదు. ఉత్కంఠ పోయాక రచయితలు వేరే పని మొదలుపెడతారు: ఒక స్నేహం, ఒక సంసారం, ఒక ముసలితనం. అవి వరస ప్రకారం సాగాల్సినవి.

33, 38 రెండూ జోర్జివి. ఆరో అధ్యాయంలో సావో పాలోలో విమానం కూలుతుంది. ఆ నగరం వాళ్లెవరికైనా 2007 జులై 17న కొంగోన్యాస్ విమానాశ్రయం దగ్గర 199 మందిని పొట్టన పెట్టుకున్న ప్రమాదం గుర్తుకు రాక మానదు. పోయినవాళ్ల మరణవార్తలు రాయాల్సింది బ్రాస్. ఇన్నాళ్లూ గుమాస్తా పనిలా చేసిన రాత మొదటిసారి అతని చేతిలో మనుషుల్ని నిలబెడుతుంది. పాఠకులు తరచూ దాటేసే మలుపు ఇది. రచయిత కావడానికి అడ్డు అనుకున్న ఉద్యోగమే అతన్ని రచయితను చేసింది. ఆ విమానంలో ఉండాల్సిన జోర్జిని వెతుక్కుంటూ వెళ్లి అతను దారిలో పోతాడు. ఏడో అధ్యాయంలో నవల అచ్చయింది, పేరొచ్చింది, కానీ జోర్జి జాడ లేదు. వెతికి పట్టుకున్న ఆ స్నేహితుడి చేతిలోనే అతని ప్రాణం పోతుంది. ఇది పుస్తకంలో నాకు బలహీనంగా అనిపించే చోటు. మిగతా చావులు ఏ రోజైనా ఎవరికైనా వచ్చేవి, ఈ ఒక్కటీ కథ కోసం కట్టినట్టుంది.

ఎనిమిదో అధ్యాయం వీటన్నిటికంటే నేర్పుగా చేసిన పని. బ్రాస్‌కు 47. అధ్యాయమంతా వెతికినా అతను కనిపించడు. ఇంట్లో ఆనా, చిన్న వయసు కొడుకు మిగెల్, స్కూలు, భోజనం బల్ల. నాన్న ఊళ్లో లేడు. ఆయన రాసి పంపిన మాటలు ఇంట్లో తిరుగుతుంటాయి. కామిక్స్ అంటేనే కనిపించే కళ, ఏడు అధ్యాయాలుగా మన కళ్లు ప్రతి ప్యానెల్‌లో, అంటే పేజీలో ఒక్కో బొమ్మ గడిలో, అతన్నే వెతకడానికి అలవాటుపడ్డాయి. ఇప్పుడు ఖాళీ కుర్చీ దగ్గర ఆగిపోతాయి. చావు గురించిన అసలు విషయం ఈ అధ్యాయం చెబుతుంది: పోయినవాడి వైపు నుంచి చావు క్షణం పాటు ఉండే సంఘటన, ఉన్నవాళ్ల వైపు నుంచి అది ఇంట్లో తిరిగే లోటు. నవలలో దీనికి ‘అతను లేడు’ అని రాయాలి. బొమ్మలో ఏమీ రాయక్కర్లేదు, అతన్ని గీయకపోతే చాలు.

దీని మూలం కూడా తెలుసుకోవాలి. బ్రాస్ అనే పేరు బ్రెజిల్ పాఠకుడికి మామూలు పేరు కాదు. మషాదో ద అసీస్ 1881లో పుస్తకంగా తెచ్చిన ప్రసిద్ధ నవలలో కథకుడు బ్రాస్ కూబాస్, చచ్చిపోయాక కూర్చుని తన కథ రాసుకునేవాడు. పుట్టుకతో కాకుండా చావుతో మొదలుపెట్టి, తన శవాన్ని మొదట కొరికిన పురుగుకు పుస్తకాన్ని అంకితమిస్తాడు. చివర లెక్కలు చూసుకుని, తనకు పిల్లల్లేరు కాబట్టి మన దైన్యాన్ని ఎవరికీ వారసత్వంగా ఇవ్వలేదని తృప్తి పడతాడు. ఆ బ్రాస్‌కూ ఈ బ్రాస్‌కూ మధ్య 130 ఏళ్ల వాదం నడుస్తోంది. ఈ కవలలు చావుతో మొదలుపెట్టడం ఆయన దగ్గర తీసుకున్నారు, తీర్పును మాత్రం తిరగేశారు. ఇక్కడ బరువంతా వారసత్వం మీదే ఉంది: బెనెడిటో, బ్రాస్, మిగెల్, మూడు తరాలు. ఇంటిపేరు డొమింగోస్ అంటే పోర్చుగీసులో ఆదివారాలు. పుస్తకం పేరు చూస్తే, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణికుడు. ఒక్కో అధ్యాయం ఒక్క పూట ప్రయాణం.

ఎలా చదవాలన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే తప్పుగా చదివితే ఈ పుస్తకం నిజంగానే పాడవుతుంది. 250 పైచిలుకు పేజీలు, బొమ్మలు కాబట్టి రెండు గంటల్లో అయిపోతుంది. ఆ రెండు గంటల్లో ముగించడమే పెద్ద పొరపాటు. ఏకబిగిన చదివితే ‘ఈసారి ఎలా పోతాడో’ అన్న లెక్క మొదలవుతుంది, ఆ రోజు మీద చూపు నిలవదు. మొదట సంచికలుగా వచ్చినప్పుడు చావుకూ చావుకూ మధ్య వారాల ఎడం ఉండేది. ఆ ఎడంలో పాఠకుడు ఆ మనిషిని నిజంగా పోగొట్టుకున్నాడు. రోజుకు ఒక్క అధ్యాయం పెట్టుకుంటే పది రోజులు, ఓపిక లేకపోతే రెండేసి చొప్పున ఐదు. నాలుగు, ఐదు అధ్యాయాలు మాత్రం వెంటవెంటనే చదవండి, ఆ జంటను విడదీయకూడదు.

రెండోసారి చదివేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి: వయసు, ఊరు, పక్కన ఎవరున్నారు, ఆ రోజు అతనికి ఏం కావాలి. నాలుగో గడి నింపడమే అసలు కష్టం. 32లో తండ్రి మెప్పు, 21లో పేరు తెలియని ఏదో, 28లో ఒక అమ్మాయి పేరు. ఆ గడి నిండాక చివరి మరణవార్త మళ్లీ చదివితే, వార్త రాసినవాళ్లకు తెలియనిది మీకు తెలిసి ఉంటుంది. ఆ తేడా కోసమే ఆ అధ్యాయం గీశారు.

ఫోన్‌లో ప్యానెల్ తర్వాత ప్యానెల్ పెద్దది చేసి చూపించే పద్ధతిలో చదవకండి. కామిక్స్‌లో కాలం ప్యానెళ్ల లోపల కాక వాటి మధ్య తెల్లటి ఖాళీలో నడుస్తుంది, ఒక్కొక్కటే తెర మీదికి వస్తే ఆ ఖాళీ మాయమవుతుంది. పేజీ మొత్తం ఒకేసారి కంటికి అందాలి. ట్యాబ్‌లో నిలువు పేజీ నిండుగా పెట్టుకున్నా సరిపోతుంది. బుడగల్లో మాటలే చదివి బొమ్మలు దాటేసేవాళ్లకు రెండో అధ్యాయం ఏమీ ఇవ్వదు. బ్రెజిల్ తీరనగరం సాల్వడార్‌లో ఫిబ్రవరి 2న సముద్రదేవత ఇయెమాంజాకు జరిగే పండగ, తెల్లబట్టల్లో జనం, పూలు నింపిన పడవలు. తోడుగా జోర్జి, కొత్తగా పరిచయమైన ఒలిండా. అక్కడ చెప్పాల్సిందంతా నీళ్ల రంగులోనూ ముఖాల్లోనూ ఉంది.

‘కల’ అధ్యాయంలో తికమక పడితే కంగారు పడకండి. అంతకుముందు చూసిన మనుషులు, చోట్లు అక్కడ కలిసిపోతాయి. దాన్ని ఆధారాల గనిలా తవ్వకుండా ఒక్కసారి సాఫీగా దాటిపోవడం మంచిది. నా మటుకు, అందులో మాటలు కాస్త ఎక్కువయ్యాయి. ఎనిమిదో అధ్యాయం మౌనంగా చేసినదాన్ని ఇది వివరించబోయి పలచన చేసింది.

చివరి అధ్యాయాన్ని జవాబుగా, ముందువన్నీ చిత్తుప్రతులుగా చూసేవాళ్లూ ఉన్నారు. 76 దాకా బతకడమే సరైన బతుకైతే 11 ఏళ్ల అధ్యాయం అబద్ధమైపోతుంది. పదో అధ్యాయం గెలుపు కథ కాదు. రోగం తిరగబెట్టిందని తెలిసిన ముసలాయన ఇక వైద్యం వద్దనుకుంటాడు. తండ్రి బెనెడిటో ఎప్పుడో రాసిపెట్టిన ఉత్తరం అతని చేతికి వస్తుంది. కొడుకు తండ్రి కాబోయే రోజున చదవాలని రాసిన ఉత్తరం. నాలుగో అధ్యాయంలోని ఆ రోజుది, అంటే 35 ఏళ్లు ఆలస్యంగా చేరింది. మొదటి అధ్యాయంలో తండ్రి చూపు కోసం తపించిన 32 ఏళ్లవాడికి ఏం కావాలో అదే ఈ కాగితంలో ఉంది. తీసుకున్న చేతులు మాత్రం ముడతలు పడ్డాయి, అవతల కొడుకు మిగెల్ కూడా పెద్దవాడయ్యాడు.

ఉత్తరం చదివాక అతను సముద్రం ఒడ్డుకు వెళ్తాడు. రెండో అధ్యాయంలో 21 ఏళ్లవాణ్ణి తీసుకుపోయింది కూడా సముద్రమే. ఈసారి నీళ్ల ముందు నిలబడిన మనిషినే గీశారు, మరణ దృశ్యం గీయలేదు. పేజీ అడుగున మరణవార్త కూడా లేదు.